రెండోసారి వచ్చిన పేరు

దక్షిణాఫ్రికాలో, డర్బన్ పక్కనున్న చాట్స్‌వర్త్‌లో నేను అద్దెకున్న గది ఒక ఇంటి వెనక, నిమ్మచెట్టు పక్కన ఉండేది. ముందు ఇంట్లో ఉండే ముసలావిడ పొద్దున్న ఆరున్నరకు రేడియో పెట్టేది. ముందు ఒక భక్తిపాట వచ్చేది. ఆ తర్వాత చావు కబుర్లు. ఎవరు పోయారు, శవాన్ని ఏ ఇంటికి తెస్తారు, ఎన్ని గంటలకు దహనానికి తీసుకెళ్తారు అన్నవన్నీ ఒక మగ గొంతు తొందర లేకుండా ఇంగ్లిష్‌లో చదివేది. డర్బన్ చుట్టుపక్కల ఉన్న మన భారతీయ కుటుంబాలన్నీ ఆ పది నిమిషాలూ స్టౌ మంట తగ్గించి వినేవి. ఎవరికీ విడిగా కబురు పెట్టే ఆచారం లేదు. రేడియోలో చెప్పారంటే అందరికీ చెప్పినట్టే.

తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన రెండో ఏడు నేను ఆంధ్ర నుంచి అక్కడికి కంప్యూటర్ ప్రోగ్రామర్‌గా వెళ్ళాను. మాది ఒకప్పుడు పదకొండు ఊళ్ళ జమీ. నాకు ఊహ తెలిసేసరికి దివాణంలో సగం పోలీస్ స్టేషన్, సగం విత్తనాల గోడౌన్ అయ్యాయి. మాకు మిగిలింది ఇంటిపేరూ, నిటారుగా కూర్చునే అలవాటూ. పిలవని గడప తొక్కకూడదనీ, చేసిన పనికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకూడదనీ మా నాన్నగారు భోజనాల దగ్గర చెప్పేవారు. నేను వాటిని పెట్టెలో బట్టలతో పాటు సముద్రం దాటించాను.

ఇంటావిడను నేను మామ్మగారు అనేవాణ్ణి. ఆమె తాత చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాడు. ఆమె తెలుగు మా జిల్లా పల్లెల్లో నా చిన్నప్పుడే మాసిపోయిన తెలుగు. దాంట్లో ఇంగ్లిష్ కలిసింది, జులూ కలిసింది, ఆమె పెళ్ళి చేసుకున్న తమిళాయన భాష కూడా కాస్త కలిసింది. మగవాళ్ళను కూడా ఒక్కోసారి 'వచ్చింది', 'ఉంది' అనే తెలుగు అది. అందులో 'మీరు' అనే మాట లేదు. అందరూ నువ్వే. మొదటి నెల అది నాకు చెంపదెబ్బలా తగిలేది.

"మీ తాత ఏటి సేసేవోడు?" అని ఒకరోజు అడిగింది.

"జమీందారు."

"అంటే దొరా?"

"అలా అనేవారు."

ఆమె టీ కప్పు కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "అయితే మా తాత మీ తాత దగ్గర్నుంచే పారిపోయి వచ్చిందేమో. ఇప్పుడు సూడు, దొర మనవడు నా ఎనక గదిలో ఉంది. తిన్నావా దొరా? కూర ఉంది."

ఆ తర్వాత మామూలుగా బాబూ అనేది. నన్ను ఏడిపించాలనుకున్నప్పుడు దొరా అనేది. నేను కూర తీసుకునేవాణ్ణి, నవ్వేవాణ్ణి కాదు. ఆమె నా బదులు కూడా తనే నవ్వేది.

ఆమె చావు కబుర్లు వినే తీరు మిగతావాళ్ళలా ఉండదని నాకు తెలియడానికి కొంతకాలం పట్టింది. తక్కినవాళ్ళు వింటూ పని చేసుకునేవారు. ఈమె కుర్చీ రేడియో పక్కకు లాక్కుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. చదవడం అయిపోగానే లేచి, "ఈరోజు లేదు," అని వంటగదిలోకి వెళ్ళేది.

"ఎవరి కోసం వింటారు మామ్మగారూ?" అని అడిగితే చాలా మామూలుగా చెప్పింది. "మా అన్న కోసం."

ఆమె అన్న ఉత్తరాన, చెరకు తోటల మధ్య ఉన్న స్టాంగర్‌లో కొడుకు దగ్గర ఉన్నాడు. కారులో గంట ప్రయాణం. ఇద్దరూ మాట్లాడుకుని నలభై ఏళ్ళయింది. ఆమె తమిళాయన్ని చేసుకుంటానన్నప్పుడు, "ఇక నా మొహం సూడొద్దు," అన్నాడు అన్న. "సరే. నువ్వు బతికున్నంత కాలం సూడను," అంది చెల్లెలు. భర్త పోయినప్పుడు అన్న రాలేదు. వదిన పోయినప్పుడు ఈమె వెళ్ళలేదు.

"బతికున్నంత కాలమే అన్నా, గుర్తుందా?" అంది నాతో. "సచ్చిపోతే నన్ను ఆపలేడు. నేను పోతా. సూస్తా."

వాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. అక్కడ దహనానికైనా శవాన్ని పెట్టెలోనే తీసుకెళ్తారు. మగవాడు పోతే, ఆ పెట్టెకు మూత వేసే ముందు తోడబుట్టిన ఆడది అతని నోట్లో మూడు గింజల బియ్యం వెయ్యాలి. ఆమె ఒక చేతిరుమాలులో బియ్యం ముడి కట్టి హ్యాండ్‌బ్యాగులో ఉంచుకుంది. బియ్యం పురుగు పట్టకుండా నెలనెలా మార్చేది. అలా ఎన్ని ఏళ్ళుగా మారుస్తోందో నేను అడగలేదు. అది నాకు వింతగా కూడా అనిపించలేదు. మా వంశంలో ఇంతకంటే చిన్న మాటకు ఇంతకంటే ఎక్కువకాలం మొహాలు చూసుకోని అన్నదమ్ములున్నారు. ఆ పట్టుదలకు నాకు గౌరవమే కలిగింది.

నా ఉద్యోగం ప్రాస్పెక్టన్‌లో. కార్ల కర్మాగారానికి విడిభాగాలు పంపే ఒక గోడౌన్‌కు మా కంపెనీ సరుకు జాబితా ప్రోగ్రాం రాసింది. అందులో నా భాగం ఒకటే. ఒకే భాగం నంబరు రెండుసార్లు వస్తే దాన్ని పొరపాటుగా గుర్తించి రెండోదాన్ని తీసెయ్యాలి. అది బాగా పనిచేసింది. మా మేనేజరు దాన్ని వేరే ఊరి నుంచి వచ్చినవాళ్ళకు కూడా చూపించేవాడు.

ఆ రోజుల్లో ప్రతి ఆఫీసూ కంప్యూటరు పెట్టుకుంటోంది. పాత ప్రభుత్వపు జాబితాల్లో ప్రతి మనిషి పేరు పక్కనా జాతికి ఒక గడి ఉండేది. వాటిని కొత్త పద్ధతిలోకి మార్చే పని మాలో కొందరికి వచ్చింది. ఆ గడి తీసేస్తే దేశం శుభ్రపడుతుందని మధ్యాహ్నం భోజనాల దగ్గర వాదించుకునేవాళ్ళం. గడి ఉంటే ఒక బాధ, తీసేస్తే ఎవరికి ఎంత అన్యాయం జరిగిందో లెక్క తెలియదని ఇంకో బాధ. పత్రికలు రోజుకో మాట రాసేవి. సాయంత్రాలు టీవీలో విచారణలు వచ్చేవి. పాత పోలీసులు, అధికారులు క్షమాభిక్ష కోసం సూట్లు వేసుకుని వచ్చి, తాము ఎవరిని ఎలా మాయం చేశారో మైకు ముందు చెప్పేవారు. మామ్మగారు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని చూసేది.

"సూడు, ఎంత నున్నగా సెప్తన్నాడో," అనేది. "ఆర్డర్ వచ్చిందంట. ఫైలు వచ్చిందంట. సేసిన మనిషి మాత్రం ఎవరూ రాలేదు."

మన భాషల పాటలు వేసే ఆ రేడియో స్టేషన్ కూడా అప్పుడే కొత్తగా మారింది. చావు కబుర్ల పని కంప్యూటర్‌లో పెట్టమని మా కంపెనీని అడిగారు. అది నాకు అప్పగించారు. మామ్మగారికి చెప్తే వీధి వీధంతా చాటింది. "నా ఎనక గదిలో బాబు రేడియో కంప్యూటర్ సేస్తంది."

స్టేషన్‌లో అప్పటిదాకా ఆ పని ఒక నడివయసు ఆవిడ చేసేది. గట్టి అట్ట పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకునేది. నేను వెళ్ళిన రోజు ఆమె ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని విన్నాను. పేరు రాసుకున్నాక ఆమె ప్రశ్నలు మొదలయ్యాయి. ఎవరి కొడుకు? మార్కెట్ బస్సు నడిపినాయనా, లేక ఆయన తమ్ముడా? ఇంట్లో ఏమని పిలుస్తారు? కాలు ఈడుస్తూ నడిచేవాడా? ఒక్కో చావుకు పావుగంట పట్టేది.

"ఇదంతా అవసరమా?" అన్నాను.

"పేరు ఒక్కటే అడిగితే ఎవరు పోయారో ఎలా తెలుస్తుంది, మ్యాన్?" అంది. "ఈ ఊళ్ళో ఒక్కో పేరుకు పదిమంది ఉంటారు."

నా ఫారంలో ఆరు గడులున్నాయి. పేరు, ఊరు, ఇల్లు, తేదీ, సమయం, దహనం చేసే చోటు. వయసు పెట్టాను కానీ తప్పనిసరి చెయ్యలేదు, ముసలివాళ్ళలో చాలామందికి అసలు పుట్టినరోజు తెలియదు కాబట్టి. ఇంట్లో పిలిచే పేరుకు గడి లేదు. ఎవరి కొడుకన్నదానికీ లేదు.

స్టేషన్ మేనేజరుది ఒకటే కోరిక. ఒకే చావు గురించి కొడుకు ఫోన్ చేస్తాడు, అల్లుడు చేస్తాడు, గుడి కమిటీ చేస్తుంది. పొరపాటున రెండుసార్లు చదివితే ఆ కుటుంబం నొచ్చుకుంటుంది. రెండుసార్లు రాకుండా చెయ్యమన్నాడు. ప్రాస్పెక్టన్ గోడౌన్‌కు రాసింది నా దగ్గర సిద్ధంగా ఉంది. దాన్నే తెచ్చి పెట్టాను. ఒకే పేరు, ఒకే ఊరు, వారం రోజుల లోపల మళ్ళీ వస్తే రెండోది లోపలికి పోదు. తీసేసినవాటి వరుస ఒక ఫైల్లో పడుతుంది.

"తీసేసినవి రోజూ ఒక కాగితం మీద నాకు ఇవ్వగలవా?" అని ఆ పుస్తకం ఆవిడ అడిగింది. "ఒకసారి కళ్ళతో చూసుకుంటాను."

"అవసరం లేదు," అన్నాను. "పొరపాటు జరగదు."

ఇక్కడ ఒక సంగతి రాయకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. మా వంశంలో పెద్దకొడుక్కి తాత పేరు పెడతారు. మా తాతగారికి నలుగురు కొడుకులు. ఆ నలుగురి పెద్దకొడుకులకూ ఆయన పేరే పెట్టారు. ఒకే ఇంట్లో నాతో కలిపి నలుగురం ఒకే పేరుతో పెరిగాం. పెద్దబాబు, నడిపిబాబు, చిన్నబాబు, బుల్లిబాబు అని పిలిచేవారు. ఒకసారి బడిలో నా మార్కులు నడిపిబాబుకు పడితే మా నాన్నగారు హెడ్మాస్టర్ని ఇంటికి పిలిపించారు. ఆ కథ మామ్మగారికి నేనే చెప్పాను. ఆమె నవ్వి, "మాకూ అంతే. మా తాత పేరు మా అన్నకీ ఉంది, మా చిన్నాన్న కొడుక్కీ ఉంది. ఒకడు పొడుగన్న, ఒకడు నల్లన్న," అంది. ఆ మాట విన్నాక నేను గదిలోకి వెళ్ళి, ఒకే పేరు రెండుసార్లు వస్తే తప్పు అనే ప్రోగ్రాం రాస్తూ కూర్చున్నాను. రెండూ నా తలలోనే ఉన్నాయి. ఒకదాన్నొకటి తాకలేదు.

కొత్త ప్రోగ్రాం మొదలైన కొన్ని వారాలకు, ఒక మంగళవారం పొద్దున్న, రేడియోలో ఆమె అన్న పేరు చదివారు. ఊరు స్టాంగర్. మధ్యాహ్నం రెండు గంటలకు దహనం.

నేను పళ్ళు తోముకుంటున్నాను. ఆమె గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు. "కారు ఉందా బాబూ?" అంది.

ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు పెట్టాను. ఆమె తెల్లచీర కట్టుకుని, పట్టీలున్న నల్ల బూట్లు వేసుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారిలో టొంగాట్ అనే ఊరు దాటాం. రోడ్డుకు రెండువైపులా చెరకు కోతకొచ్చి ఉంది. ఒకచోట కోసిన పొలాన్ని తగలబెడుతుంటే మసి వచ్చి అద్దం మీద పడింది. "చిన్నప్పుడు ఈ మసితో మీసాలు పెట్టేవోడు నాకు," అంది. అంతే.

రేడియోలో చెప్పిన ఇంటి ముందు టెంట్ వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, భజన చేసే ఆడవాళ్ళు, మధ్యలో బల్ల మీద తెరిచిన పెట్టె. ఆమె ఎవరినీ పలకరించకుండా నేరుగా పెట్టె దగ్గరికి వెళ్ళింది. నేను రెండు అడుగులు వెనక ఉన్నాను. ఆమె వంగి చూసి, అలాగే ఉండిపోయింది.

"నల్లన్న," అంది.

తల ఎత్తింది. పెట్టెకు అవతలివైపు, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, చక్రాల కుర్చీలో ఒక పొడుగాటి ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన ఆమెనే చూస్తున్నాడు. ఆ ముక్కు, ఆ గడ్డం అచ్చం ఆమెవే. ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.

ఆమె ముడి విప్పి నల్లన్న నోట్లో మూడు గింజలు వేసింది. చిన్నాన్న కొడుకు కూడా అన్నే కదా. తర్వాత వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆయన చూపు తిప్పలేదు. చెయ్యి దుప్పటి మీద రెండుసార్లు కదిలింది. అది పిలవడమో, వణుకో నేను ఇప్పటికీ చెప్పలేను.

"బాబూ," అంది చాలా మెల్లగా. "పోనా?"

నన్ను అడిగింది. నలభై ఏళ్ళ మాట తప్పడానికి ఆమెకు ఒక్కమాట సాయం కావాలి. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉన్నాను.

"ఆయన పెద్దవారు. ఆయన పిలవాలి," అన్నాను. "పిలవని చోటికి మీరు వెళ్ళడం ఏం బాగుంటుంది?"

ఆమె తల ఊపింది. నా మాట సరైనదే అన్నట్టు కొంచెం నిటారుగా కూర్చుంది కూడా. అప్పుడు నాకు సంతోషం కలిగింది. దాన్ని దాచను.

బయలుదేరేటప్పుడు ముసలాయన కొడుకు గేటు దాకా వచ్చాడు. నలభై నిండని మనిషి, మేనత్తను మొదటిసారి చూస్తున్నాడు. "అత్తా, నీ ఫోన్ నంబర్ ఇయ్యి. నాన్నకు బాగులేదు. ఏమన్నా అయితే..."

"ఏల?" అంది ఆమె. "రేడియో ఉంది. ఈ బాబే రేడియో కంప్యూటర్ సేసింది. ఏమైనా నాకు తెలుస్తాది."

అతను నా వైపు చూశాడు. నేను తల పంకించాను.

ఇంటికి వచ్చాక, చీర కూడా మార్చుకోకముందే ఆమె బియ్యం డబ్బా తెరిచింది. చేతిరుమాలులో కొత్త ముడి కట్టి బ్యాగులో పెట్టింది.

బుధవారం విన్నాం. గురువారం, శుక్రవారం విన్నాం. శనివారం, ఆదివారం కూడా. "ఈరోజు లేదు," అని ఆమె వంటగదిలోకి వెళ్ళేది. ఆ వారం ఆమె మునుపటికంటే ఉత్సాహంగా ఉందని నాకు గుర్తు. శనివారం సాయంత్రం నన్ను పిలిచి, "వచ్చే వారం స్టాంగర్ పోదామా? ఊరికే. నల్లన్న ఇంటోళ్ళని పలకరించినట్టు ఉంటాది," అంది. మనసులో ఏముందో నాకు తెలుసు. "అలాగే," అన్నాను. ఆదివారం వెళ్దామని నేను అనలేదు, ఆమె అనలేదు.

మరుసటి బుధవారం సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ముందు గదిలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదట. స్టాంగర్ ముసలాయన కోడలు. చాట్స్‌వర్త్‌లో ఇల్లు కనుక్కోవడానికి గుడిలో, దుకాణాల్లో అడుగుతూ మధ్యాహ్నమంతా తిరిగిందట.

"ఎందుకు రాలేదు అత్తా?" అంటోంది. "ఒక్క మాట సెప్పు. కోపమా? సచ్చినాక కూడా కోపమా?"

"ఎవరు సచ్చింది?" అంది మామ్మగారు.

ఆ మనిషి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నేను గుమ్మంలో ఉన్నాను. నా వెనక వీధిలో టాక్సీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. 

ముసలాయన శనివారం పోయాడు. ఆదివారం దహనం అయిపోయింది.

"రేడియోలో రాలేదు," అంది మామ్మగారు. "నేను ఇన్నాను. రోజూ ఇన్నాను. రాలేదు."

"ఇచ్చాం అత్తా. నీ మేనల్లుడే ఫోన్ సేసి ఇచ్చాడు. మామే సెప్పాడు అలా సెయ్యమని. నల్లమామ ఫ్యూనరల్ నుంచి ఇంటికొచ్చినప్పటి నుంచీ నీ మాటే. చెల్లి రేడియో ఇంటాది, రేడియోలో సెప్పండి, వస్తాది అన్నాడు. అది వచ్చేదాకా మూత ఎయ్యొద్దు అన్నాడు." ఆమె మొహం తుడుచుకుంది. మళ్ళీ అంది. "ఎయ్యలేదు. టైము దాటిపోయింది. దహనం సేసే కాడ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. అందరూ గేటు వైపే సూస్తన్నారు. అరగంట ఆగినాం. తర్వాత ఏసేసినాం."

మామ్మగారు ఆమెను చూడలేదు. నన్ను చూసింది. "బాబూ, నువ్వు పోయి సూడు," అంది. "ఎవరో మర్చిపోయుంటాది. ఆ ఫోన్ కాడ పిల్ల."

నేను అప్పుడే స్టేషన్‌కు వెళ్ళాను. దారిలో నాకు ఏమీ తెలియదని చెప్పుకుంటూ వెళ్ళాను. ఫోన్ తీసుకునే అమ్మాయి శనివారం వచ్చిన పేరును పొరపాటు లేకుండా ఎక్కించింది. తెర మీద 'ఇప్పటికే ఉంది' అని వచ్చింది, ఆమె సరే అనుకుంది. నేను ఆ ఫైలు తెరిచాను. మొదలుపెట్టిన రోజు నుంచీ ఎవరూ దాన్ని తెరవలేదు. చివరి నుంచి నాలుగో వరుసలో ముసలాయన పేరు, స్టాంగర్. పక్కన నేను పెట్టిన మాటలే: రెండోసారి వచ్చింది, తీసివేత.

పుస్తకం ఆవిడ ఇప్పుడు ముందు బల్ల దగ్గర సందర్శకుల పేర్లు రాసుకుంటోంది. నేను బయటికి వస్తుంటే నా మొహం చూసి, "ఏమైంది?" అంది. చెప్పాను. ఆమె పెన్సిల్ కింద పెట్టింది.

"పొడుగాయనా?" అంది. "నల్లాయన పోయినప్పుడే అనుకున్నాను, రెండో ఆయన ఎలా ఉన్నాడో అని." మళ్ళీ పెన్సిల్ తీసుకుంది.

తిరిగి వచ్చేసరికి కోడలు వెళ్ళిపోయింది. మామ్మగారు అదే కుర్చీలో ఉంది. నేను ఎదురుగా నిలబడ్డాను. తప్పు ఫోన్ దగ్గరి అమ్మాయి మీద పెట్టొచ్చు. మామ్మగారు తనంతట తానే ఆ మాట నాకు అందించింది కూడా. మా వంశంలో ఎవరూ ఎవరికీ ఇలా నిలబడి చెప్పినట్టు నేను వినలేదు.

"సిస్టమ్ దాన్ని తీసేసింది," అని మొదలుపెట్టాను. ఆ మాట నా చెవికే నున్నగా వినిపించింది. టీవీలో సూట్లు వేసుకున్న మనుషులు గుర్తొచ్చారు. ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను. "నేను తీసేశాను మామ్మగారూ. ఒకే పేరు వారంలో రెండుసార్లు వస్తే వదిలెయ్యమని రాసింది నేను. నల్లన్నగారి పేరు ముందు వచ్చింది. అన్నగారి పేరు తర్వాత వచ్చింది. కాగితం ఇవ్వమని ఒకావిడ అడిగితే వద్దన్నాను."



"మిషన్‌కి తెల్దు," అంది మామ్మగారు. "నీకు తెలుసు కదా. మీ ఇంట్లో నలుగురు ఉన్నారని నువ్వే సెప్పావు."

 

గురువారం ఆఫీసుకు వెళ్ళి ఆ ప్రోగ్రాం మార్చాను. మూడు వరుసలు మార్చడానికి అరపూట కూడా పట్టలేదు. తీసివేత లేదు, ఇంట్లో పిలిచే పేరుకు ఒక గడి, ఎవరి కొడుకన్నదానికి ఒక గడి. ఏదైనా రెండోసారి వస్తే కాగితం మీద అచ్చయి ముందు బల్ల దగ్గరికి వెళ్తుంది. స్టేషన్ మేనేజరు క్షమాపణగా ముసలాయన కబురు శుక్రవారం పొద్దున్న చదివిస్తానన్నాడు. దానికి వివరాలు కావాలి. వాటి కోసం నేను మామ్మగారిని అడగాల్సి వచ్చింది. కాగితం, పెన్సిల్ పట్టుకుని ఆమె ముందు కూర్చున్నాను.

"ఇంట్లో ఏమని పిలిచేవారు?"

"పొడుగన్న."

"ఏం పని చేసేవారు?"

"మిల్లులో. ముప్పై ఏళ్ళు." నా పెన్సిల్ వైపు చూసింది. "ఈల బాగా ఏసేవోడు. అది రాయొద్దు."

రాయలేదు.

శుక్రవారం పొద్దున్న నేను ముందు గదిలోకి వెళ్ళేసరికి ఆమె తయారై కూర్చుని ఉంది. తెల్లచీర, పట్టీల బూట్లు. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో ఉంది. లోపల ముడి ఉందని నాకు తెలుసు. భక్తిపాట అయింది. ఆ మగ గొంతు ముసలాయన పేరు చదివింది. ఫలానావారి పెద్దకొడుకు, అందరూ పొడుగన్న అని పిలిచే ఆయన, చక్కెర మిల్లులో పనిచేసి రిటైరైన ఆయన, స్టాంగర్ వాస్తవ్యులు. చెల్లెలు చాట్స్‌వర్త్‌లో ఉన్నారు. దహనం జరిగిపోయింది.

తర్వాత ఫర్నిచర్ దుకాణం ప్రకటన వచ్చింది. దాని తర్వాత ఇంకొకటి. ఆమె కదలలేదు. నేను లేచి రేడియో కట్టేశాను.

"సరిగ్గా సెప్పాడు," అంది.

నేను ఒకదాని కోసం ఎదురుచూస్తున్నాను. ఆ టెంట్ కింద నన్ను పోనా అని అడిగిన సంగతి. ప్రోగ్రాం గురించి ఆమె అడిగింది, నేను చెప్పాను, అది మార్చాను. ఈ రెండోదాన్ని ఆమె ఎత్తితే, ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. ఆమె ఎత్తలేదు. ఆ తర్వాత నేను ఆ ఇంట్లో ఉన్న ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. పొద్దున్న రేడియో కూడా పెట్టలేదు.

"ఇంక ఎక్కడికీ పోయే పని లేదు," అని ఆమె బ్యాగు పక్కన పెట్టింది. బూట్ల పట్టీలు విప్పడానికి ముందుకు వంగింది. నడుము సహకరించక ఆగిపోయింది. నేను ఆమె ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాచాను. మనుషుల కాళ్ళ దగ్గర అలా కూర్చోవడం నా జీవితంలో అదే మొదలు.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"వద్దులే దొరా," అంది. ఈసారి నవ్వలేదు. "నేనే తీసుకుంటా."

చాలాసేపు పట్టింది. ఒక పట్టీ, తర్వాత రెండోది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను.